పేలు అనే మాట

టమాటా భజియాల ప్లేటు నేరుగా వెళ్లి సోమలింగం తెల్లచొక్కా మీద పడింది. పచ్చడితో సహా పడింది.

సూరత్ పక్క డుమస్ సముద్రం ఒడ్డున భజియాల బండి దగ్గర బెంచీ మీద బిక్షపతి అప్పటిదాకా బాగానే కూర్చున్నాడు. వేడివేడి ప్లేటు అందుకుని, ముందు బావకు ఇద్దామని మర్యాదగా లేచాడు. లేచినవాడు లేచినట్టే ఒక పక్కకు ఒరిగాడు. బెంచీ అందలేదు, బండి అందలేదు, చివరికి సోమలింగం చొక్కా అందింది. విజయశ్రీ పరుగున వచ్చి మొగుడి రెక్క పట్టుకుంది. నుదుటి మీద చెమట, పెదవుల్లో రక్తం లేదు. ఛాతీ మీద చెయ్యి పెడితే లోపల మగ్గం ఆడుతున్నట్టే ఉంది. ఆమె చేతికి తెలిసిన ఆ సంగతి చుట్టూ ఉన్న కళ్లకు ఎలా తెలుస్తుంది? వాళ్లు చూసింది తూలడమే.

సూరత్‌లోని వడోద్ పేట నుంచి టెంపో కట్టించుకుని వచ్చిన పద్మశాలి సంఘం వాళ్లు అందరూ ఒకేసారి సముద్రం వైపు చూశారు. సముద్రంలో చూడవలసింది ఏమీ లేదు. గుజరాత్‌లో మందు అమ్మరు, కానీ ఎవడు తాగాడో అందరికీ తెలుస్తుంది. అదీ సూరత్ సంగతి.

"ఈడ గూడ దొరికిందా బావా నీకు?" అన్నాడు సోమలింగం. అతను విజయశ్రీకి సొంత అన్న, సంఘానికి పెద్ద, పాండేసరాలో బిక్షపతి పనిచేసే కార్ఖానాలో మాస్టర్. "స్వరాజ్యం, ఆ పేలు తే. అదే, పేలు!"

భార్య చేతిరుమాలు తెచ్చి ఇచ్చింది.

"పెద్దనాయినా, ఎవల తలల పేలు?" అన్నాడు సాయికుమార్. సంఘంలో కుర్రకారుకు అతనే నోరు. టెంపో మొత్తం గొల్లుమంది, సోమలింగం కూడా నవ్వాడు. గుజరాతీలో పేలు అంటే 'అదే, ఆ వస్తువు' అని. పేరు నోటికి రానప్పుడు అక్కడివాళ్లు పేలు అని వేలు చూపిస్తారు. తెలుగులో పేలు ఉండేచోటు వేరు. ఈ మధ్య సోమలింగానికి చెంబు పేలే, చెప్పులు పేలే, బస్సూ పేలే. మాస్టర్ పక్కా గుజరాతీ అయిపోయాడని అందరూ మురిసిపోయారు.

నవ్వులు తగ్గాక సోమలింగం గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. కిందటి వారం బిక్షపతి మగ్గాల మీద నేసిన బట్ట రంగుల మిల్లుకు వెళ్లి పట్టీలు పట్టీలుగా తిరిగివచ్చింది. మెరుపు నూలు ఉండాల్సిన చోట మసక నూలు కండెలు పడ్డాయి. తెల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకటే, రంగులో ముంచితేనే బయటపడుతుంది. తాగినవాడిని గేటు లోపలికి రానివ్వనని సేట్ అన్నాడు. తనే బతిమాలి ఒక షరతు మీద ఒప్పించాడట.

"జంధ్యాల పున్నమి వస్తున్నది. కొత్త జంధ్యం పట్టుకొని, మార్కండేయుని ముంగట, ఇగ తాగనని అందరి ముందు అనాలె. తెల్లారి పనిలకు రావాలె. లేకుంటే నా చేతుల లేదు."

"తాగితే గదా అన్నా మానేది," అంది విజయశ్రీ.

"చెల్లే, నేను సూడలేదా ఇప్పుడు?" అన్నాడు అన్న, చొక్కా మీద మరక చూపిస్తూ.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. పాపం బిక్షపతి భజియాలు అందిస్తూ దొరికిపోయాడు.

*

మరునాడు పొద్దున్నే విజయశ్రీ గడప దగ్గర చీరల మూట విప్పుకుని కూర్చుంది. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చిన చీరలు అవి. బుటాల వెనక వేలాడే దారాలను చిన్న కత్తెరతో బట్ట తెగకుండా కత్తిరించి మళ్లీ మార్కెట్‌కు పంపాలి. కోపంలో ఉన్నప్పుడు ఆ పని చేయకూడదు. రెండుసార్లు కత్తెర చీర దాకా పోయి ఆగింది.

"ఒక్క మాటనే గదా," అన్నాడు బిక్షపతి మంచం మీద నుంచి. "అంటే పనైతది. అనేస్త."

"ఏమని అంటవ్? ఇగ తాగను అంటే, ఇన్నొద్దులు తాగిన అన్నట్టే గదా. తాగనోడు ఏం మానుతడయ్యా?"

బిక్షపతి లేవబోయి మళ్లీ వాలాడు. కరోనా రెండోసారి ఊళ్లను ఊడ్చినప్పుడు అతనూ సోమలింగమూ ఒకే ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్నారు. ఇద్దరూ బతికి వచ్చారు. బావ మాస్టర్ పనిలో పడిపోయాడు. బిక్షపతి మాత్రం అప్పటి నుంచి అరిగిపోయిన మనిషిలా ఉన్నాడు. మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్లకు చీకట్లు, చెప్పిన మాట మధ్యలో జారిపోవడం. డాక్టర్ దగ్గరికి పోదామంటే పోయిన జ్వరానికి ఇప్పుడు డాక్టరెందుకు అనేవాడు.

"నిజం చెప్పు. ఆ కండెలు నువ్వే మార్చినవా?"

"బావ చెప్పిన పెట్టెలకెల్లి తీసి పెట్టిన అనుకున్న." అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఆ పేలు కండెలు పెట్టు అన్నడు. చెయ్యి ఇటు సూపిచ్చినట్టే యాదికున్నది. కాదు, అటు సూపిచ్చిన అంటున్నడు. నా యాది మీద నాకే నమ్మకం లేదు విజయ. నేనెట్ల కొట్లాడాలె?"

ఆ మాటకు ఆమె గుండె తరుక్కుపోయింది. తర్వాత ఆ బాధంతా కోపంగా మారి అన్న మీదికి పోయింది. జంధ్యాల పున్నమి నాడే రాఖీ. ఈసారి అన్నకు రాఖీ కట్టేది లేదని అప్పుడే తీర్మానం చేసుకుంది. మూట కట్టేసి లేచింది.

"లే. చొక్కా తొడుక్కో. తెలుగు డాక్టరమ్మ ఉన్నది గదా మెయిన్ రోడ్ మీద. తాగలేదని రాయించుకొస్త."

"గట్ల రాస్తరా ఏడనన్న?"

"రాయకపోతే అప్పుడు సూద్దాం."

*

డాక్టర్ హిమశ్రీది జమ్మికుంట. సూరత్‌కు వచ్చి ఏడాది కూడా కాలేదు. తెలుగు మాట వినబడితే ఆమె ముఖం విప్పారుతుందని వడోద్ ఆడవాళ్లందరికీ తెలుసు. విజయశ్రీ కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"బిడ్డా, ఈయన నోరు వాసన సూడు. సూసి, తాగడని కాయిదం మీద రాసియ్యి."

హిమశ్రీ నవ్వలేదు. "ఆయన్ని ఎవరు అనుమానిస్తున్నారమ్మా?"

విజయశ్రీ భజియాల దగ్గర మొదలుపెట్టి కండెల దాకా చెప్పింది. డాక్టర్ మధ్యలో ఆపి ఆపి బిక్షపతినే అడిగింది. పడుకున్నప్పుడు బాగుంటుందా? లేస్తే ఎంతసేపటికి కళ్లు తిరుగుతాయి? స్నానం చేశాక ఎక్కువవుతుందా? అతను ప్రతిదానికీ తలూపుతుంటే విజయశ్రీకి ఒళ్లు ఝల్లుమంది. ఈ పిల్ల తమ ఇంట్లో ఉండి చూసినట్టే అడుగుతోంది.

అతన్ని బల్ల మీద పడుకోబెట్టి వేలికి చిన్న మెషీన్ తగిలించారు. దాని మీద అంకె కుదురుగా వెలుగుతోంది. కాసేపయ్యాక గోడ దగ్గర నిలబడమన్నారు. ఊరికే నిలబడాలి, అంతే. బిక్షపతి నిలబడ్డాడు. అంకె కదిలింది. పెరిగింది. ఆగుతుందనుకుంటే ఇంకా పెరిగింది. కదలకుండా నిలబడ్డ మనిషి గుండె ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతోంది. విజయశ్రీ మెషీన్ మీది నుంచి చూపు తిప్పలేకపోయింది. అతని మోకాళ్లు వంగబోతుంటే డాక్టరూ నర్సూ పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఇది మందు కాదమ్మా," అంది హిమశ్రీ. "కరోనా పోయింది గానీ దాని దెబ్బ మిగిలిపోయినట్టుంది. మనం లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. దాన్ని పైకి పంపే పని నరాలు చూసుకోవాలి. ఈయనకు అవి సరిగ్గా చూసుకోవడం లేదు. తలకు రక్తం చాలక తూలుతున్నారు. గుండె గాబరాపడి పరుగెడుతోంది. వేరే కారణం ఏదీ లేదని తేల్చుకోవడానికి రక్తపరీక్షలు, ఈసీజీ చేయిద్దాం."

"మరి మతిమరుపు?"

"అదీ దీనితో రావచ్చు. ఇది అందరినీ ఒకేచోట పట్టుకోదు. కొందరికి ఊపిరితిత్తులు, కొందరికి గుండె, కిడ్నీలు, కొందరికి షుగర్ మొదలవుతుంది. కొందరికి మెదడు మసకేస్తుంది. తెలిసిన మాటే నాలుక చివరికొచ్చి ఆగిపోతుంది. పాపం వాళ్లు ఏదో ఒక మాట అడ్డం పెట్టి నెట్టుకొస్తుంటారు, ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు."

"తగ్గుతదా డాక్టరమ్మా?" అన్నాడు బిక్షపతి. లోపలికి వచ్చాక అతను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"చాలామందికి మెల్లగా తగ్గుతోంది. పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేను, మేమూ ఇంకా నేర్చుకుంటున్నాం. నీళ్లు బాగా తాగండి, కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసుకోండి, కూర్చుని చేసే పని చూసుకోండి. ఉప్పు సంగతి, మందుల సంగతి పరీక్షలు చూసి చెప్తాను."

బయటికి వచ్చాక బిక్షపతి మెట్టు మీద కూర్చుండిపోయాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వుతున్నాడు. "నేను సోమరిని అనుకున్న విజయ. ఒంట్ల బలం లేక గాదు, నాకే మనసు లేదనుకున్న." విజయశ్రీ అతని తలను తన నడుముకు అదుముకుంది. అంత నడిరోడ్డు మీద ఆమె అలా చేయడం పెళ్లయ్యాక అదే మొదలు.

దారిలో ఆగి పేడాలు కొంది. ఏం సంబురమని కొట్టతను హిందీలో అడిగాడు. "మేరే ఆద్మీకో బీమారీ హై," అంది ఆమె, ముఖం వెలిగిపోతుండగా. కొట్టతను డబ్బా కట్టడం ఆపి ఆమె వంక చూశాడు. మొగుడికి రోగం ఉందని తేలినందుకు మిఠాయి పంచిన పెళ్లాం సూరత్‌లో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఇంటికి పోయేదాకా ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. డాక్టరమ్మ పున్నమి నాడు సంఘం హాలుకు వస్తానంది. అందరి ముందు చెప్తుంది. అందరి ముందు అన్న తల దించుకుంటాడు. విజయశ్రీకి పేడా కంటే ఆ ఊహే తియ్యగా ఉంది.

*

పున్నమి పొద్దున సంఘం హాలంతా పసుపు వాసన. మార్కండేయుని పటానికి పెద్ద పూలదండ వేశారు. మగవాళ్లు చొక్కాలు విప్పి వరసల్లో కూర్చుని పాత జంధ్యాలు తీసి కొత్తవి వేసుకుంటున్నారు. ఆడవాళ్లు రాఖీల పళ్లేలతో అటూ ఇటూ తిరుగుతున్నారు. విజయశ్రీ చేతిలో పళ్లెం లేదు. వెనక గోడ దగ్గర హిమశ్రీ పక్కన నిలబడి ఉంది. తన గుండె వేగం కూడా ఆ మెషీన్ అంకెలాగే పెరుగుతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది.

బిక్షపతిని పటం ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. కొత్త జంధ్యం అతని బొటనవేలికి చుట్టి ఉంది. సోమలింగం మైకు అందుకున్నాడు.

"మన కులపోళ్లందరికి దండాలు. మా బావ ఇయ్యాల మార్కండేయుని ముంగట, కొత్త జంధ్యం పట్టుకొని..." ఆగాడు. "కొత్త జంధ్యం పట్టుకొని, ఆ పేలు చేస్తడు."

"జంధ్యంతోని పేలు సూస్తడా పెద్దనాయినా?" అన్నాడు సాయికుమార్.

హాలు గొల్లుమంది. సోమలింగమూ నవ్వాడు. నవ్వుతూనే మళ్లీ మొదలుపెట్టాడు. "అదే. మార్కండేయుని ముంగట... పేలు. ఆ పేలు..."

మళ్లీ నవ్వులు. విజయశ్రీ మాత్రం నవ్వలేదు. అన్న నోరు నవ్వుతోంది గానీ కళ్లు నవ్వడం లేదు. ఆ కళ్లు పటం మీదికి, గోడ మీదికి, ముందు వరసలోని ముఖాల మీదికి పరుగెడుతున్నాయి, పోయిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి లేని దారాన్ని నలుపుతున్నాడు. తెలిసిన మాటే నాలుక చివరికొచ్చి ఆగిపోతుంది. ఏదో ఒక మాట అడ్డం పెట్టి నెట్టుకొస్తుంటారు. చెంబు పేలు, చెప్పులు పేలు, బస్సు పేలు. ఆ పేలు కండెలు పెట్టు.

ఆమె ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కింది. దొరికాడు. ఇన్నాళ్లు తన మొగుడి మీద పడ్డ మచ్చ ఎవరిదో ఇప్పుడు చెప్పవచ్చు, మైకులోనే చెప్పవచ్చు. పక్కన హిమశ్రీ కూడా నవ్వకుండా సోమలింగాన్నే చూస్తోంది. "ఈయన ఎప్పటి నుంచి ఇలా మాట్లాడుతున్నారమ్మా?" అని మెల్లగా అడిగింది.

విజయశ్రీ అప్పటికే ముందుకు నడిచింది. చెల్లెలు కొట్లాటకు వస్తోందని జనం దారి ఇచ్చారు. ఎవరో ఫోన్ కూడా పైకెత్తారు. ఆమె కూడా కొట్లాటకే బయల్దేరింది. దగ్గరికి పోయేసరికి అన్న మెడ మీద చెమట కనబడింది. ఇంత పెద్ద మనిషి ఒక్క మాట కోసం చెల్లెలి ముఖంలోకి చూశాడు. మొగుడి ముఖంలో మూడేళ్లుగా చూస్తున్న భయమే అది. ఆమెకు కోపం ఎటు పోయిందో తెలియలేదు.

మైకును అరచేత్తో మూసింది.

"ప్రమాణం, అన్నా," అంది అతనికి మాత్రమే వినిపించేలా. "ఆ మాట ప్రమాణం."

"గదే," అన్నాడు సోమలింగం. మునిగేవాడికి గట్టు దొరికినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. "గదే చెల్లే."

"ఆ దినం కండెల పేరు గూడ రాలేదా నీకు?"

అతను పటం వైపు చూశాడు. మైకు మీద ఉన్న ఆమె చేతిని తనే మెల్లగా తీసేశాడు.

"ప్రమాణంగ చెప్తున్న," అన్నాడు మైకులో. ఒక్కో మాటనూ చేత్తో తడుముకుని తీస్తున్నట్టు చెప్పాడు. "మా బావ తాగలే. ఆ దినం ఏ కండెలు పెట్టాలెనో నాకు పేరు రాలే. పేలు అన్న. ఏది బావా అని అడిగిండు. మల్ల పేలే అన్న. చెయ్యి ఎటు సూపిచ్చిననో నాకు గూడ యాదికి లేదు. సేట్ అడిగితే నా... నా ఇది పోతదని, ఆయన మీదికి తోసిన. తప్పు నాది."

ఆడవాళ్ల మధ్య స్వరాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంట్ల గూడ గిట్లనే," అంది పక్కామెతో. "సంఘం పెద్దను గదా, ఎవలకు చెప్పకు అన్నడు. మీరేమో నవ్వుతుంటిరి. నవ్వితె నవ్వనీ, తెల్వకుంటే చాలనుకున్న."

ముందుగా కదిలింది బిక్షపతి. స్టూలు అంచు పట్టుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు ఆగి ఆగి లేచాడు. కళ్లు మూసి తెరిచాడు. తూలలేదు. స్టూలును సోమలింగం వైపు జరిపాడు.

"కూసో బావా. నాకు గూడ గిట్లనే అయితది."

"నువ్వు నిలబడద్దు గదనయ్యా," అని విజయశ్రీ ఇంకో కుర్చీ లాగింది. బావలిద్దరూ పటం ముందు పక్కపక్కన కూర్చున్నారు, ఆస్పత్రి మంచాల మీద ఉన్నట్టే. ఈసారి మాత్రం బిక్షపతి చెయ్యి బావ భుజం మీద ఉంది.

"సేట్‌కు నేనే చెప్త," అన్నాడు సోమలింగం. "రేపటి సంది రా. కూసోని పోగులు అతుకుదువు."

"నువ్వు గూడ నాతోని రా మరి," అన్నాడు బిక్షపతి, వెనక నిలబడ్డ హిమశ్రీ వైపు తలతో చూపిస్తూ. "ఆమె మంచిగ అడుగుతది. భయం గాదు."

హిమశ్రీ అప్పటికే ముందుకు వస్తోంది. ఆమె కంటే ముందు ఇద్దరు ముగ్గురు మగవాళ్లు లేచి ఆమె చుట్టూ చేరారు. ఒకడికి నిద్ర పట్టదట, ఇంకొకడికి మెట్లెక్కితే గుండె దడట. చూస్తుండగానే జంధ్యాల హాలు ఆస్పత్రి వరసలా తయారైంది. సాయికుమార్ కూడా వెనక చేరి, తనకు కూరల వాసన తెలియక మూడేళ్లయిందని గొణిగాడు.

విజయశ్రీకి రాఖీ గుర్తొచ్చింది. కొనలేదు. పంతులు పళ్లెంలో జంధ్యాలు కట్టగా మిగిలిన పసుపు పోగు ఒకటి పడి ఉంది. అది తీసి రెండు పేటలు చేసి, అన్న ముందు నేల మీద కూర్చుని, మణికట్టుకు చుట్టి ముడి వేసింది. నేత ఇంటి ముడి, లాగినా ఊడదు.

"ఇదేందన్నా?" అంది.

సోమలింగం దాన్ని వేళ్లతో తడిమాడు. పెదవులు కదిలాయి. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. వాళ్లంతా వడోద్‌కు వచ్చినప్పటి నుంచి ఆ హాలు అంత ఓపికగా ఎవరి మాట కోసమూ ఆగలేదు.

"దారం," అన్నాడు.